పెద్దమ్మ కూర్చుంటేనే కదిలే ఆటో

ఇప్పుడంటే నూజివీడు బస్టాండు దగ్గర కరెంటు ఆటోలు పిల్లుల్లా చప్పుడు చెయ్యకుండా వచ్చి మన మోకాళ్ళ పక్కన ఆగుతున్నాయి గానీ, ఆ రోజుల్లో మా ఆటో అలా వచ్చేది కాదు. చప్పుడు కంటే ముందు దాని వాసన వచ్చేది. రోడ్డు పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారంటే ఇంకో రెండు నిమిషాల్లో మా మావయ్య వస్తున్నాడని అర్థం. పెట్రోలూ డీజిలూ కరెంటూ ఏవీ లేకుండా బండి నడిపిన మొదటి మనిషి మా ఆగిరిపల్లి చుట్టుపక్కల ఆయనే. ఆయన సీటులోనే సగం ఆక్రమించి, ఒళ్ళో పానా పెట్టుకుని, ప్రపంచాన్ని మార్చేస్తున్నామని మనస్ఫూర్తిగా నమ్మిన రెండో మనిషిని నేను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేతికొచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. ఆ వయసులో, ఆ ఖాళీలో మనిషి దేన్నయినా నమ్ముతాడు.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. ఊళ్ళో అందరూ ఆయన్ని సైంటిస్టు అనేవాళ్ళు (ఆయన దాన్ని బిరుదు అనుకునేవాడు, మేమెవరమూ సరిదిద్దలేదు). ఆయనకో పాత పెట్రోలు ఆటో, ఒక గేదె, పెరట్లో ఒక గోబర్ గ్యాస్ తొట్టి ఉండేవి. పెట్రోలు రేటు పెరిగినప్పుడల్లా తనని ఎవరో పేరు పెట్టి తిట్టినట్టు బాధపడేవాడు. ఒకరోజు అత్తయ్య గోబర్ గ్యాస్ పొయ్యి మీద కాఫీ కాస్తుంటే ఆ నీలం మంట వంక చాలాసేపు చూసి, కాఫీని పొంగించే గ్యాసు ఆటోని నడపలేదా అని అడిగాడు. అత్తయ్య నడపలేదని చెప్పింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ కట్టెల పొయ్యి మీద వండుకుంది. (ఈ విషయంలో ఆవిడ ఇప్పటికీ మా ఇద్దరినీ క్షమించలేదు. మొన్న చర్చి సంబరాల్లో కూడా నాకు కాఫీ ఇస్తూ ఆ పొగ గురించే ఎత్తింది.)

గ్యాసైతే ఉంది, దాన్ని బండిలోకి ఎక్కించడం ఎలా? పంక్చర్ షాపులో పాత ట్రాక్టరు ట్యూబులు, పెద్ద చక్రాలవి, మూడు తెచ్చాడు. తొట్టి పైపుతో వాటిని నింపి, ఆటోలో వెనక సీటు పీకేసి ఆ స్థానంలో కట్టేశాడు. వాటి మీద ఒక చెక్క పలక, పలక మీద పాత బొంత. ట్యూబుల నుంచి ఇంజను దాకా ఒక రబ్బరు గొట్టం. ఇంజనుకి ఏం చేశాడో నేను పక్కనే ఉండి చూశాను గానీ, డిప్లొమా ఉండి కూడా ఇప్పటికీ చెప్పలేను. లోపల ‘బీడీ, చుట్ట తాగువారు దిగి నడిచి రావలెను’ అని బోర్డు రాయించాడు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు మాత్రం ఆ బోర్డుతో మా భద్రతా ఏర్పాట్లు పూర్తయ్యాయనుకున్నాం.

ఈ బండికి ముల్లు తిరిగే మీటరు అక్కర్లేదు. ట్యూబులు నిండుగా ఉన్నప్పుడు పలక ఎత్తుగా ఉండి ప్యాసింజర్ల తలలు పైన టాపుకి తగిలేవి. గ్యాసు అయిపోతున్న కొద్దీ వాళ్ళు మెల్లిగా కిందికి దిగిపోయేవాళ్ళు. మావయ్య ముందున్న అద్దంలోకి చూసి లెక్క చెప్పేవాడు. అద్దంలో మెడ కనబడితే ట్యాంకు ఫుల్లు, ముఖం కనబడితే సగం, పాపిట ఒక్కటే కనబడితే రిజర్వు. ఆగిరిపల్లిలో ఎక్కినప్పుడు తోటల మీదుగా దూరం దాకా చూసిన మనిషి నూజివీడులో దిగేటప్పటికి మావయ్య చొక్కా వీపు తప్ప ఇంకేమీ చూడలేకపోయేవాడు. అయినా ఎక్కేవాళ్ళు, బస్సు కోసం నిలబడ్డం కన్నా నయమని.

దీనికున్న ఒకే ఒక్క లోపం, మిట్ట వస్తే నీరసించిపోవడం. ఆ లోపానికి విరుగుడు కనిపెట్టింది నేను. ఇది గర్వంగా చెప్పుకోవాల్సిన మాటో కాదో ఈ కథ అయ్యాక మీరే చెప్పండి.

మా అమ్మకీ మావయ్యకీ అక్క, మా పెద్దమ్మ, మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించింది. నిండైన మనిషి. ఆవిడ బెంచీకి ఈ చివర కూర్చుంటే ఆ చివర ఉన్నవాళ్ళు తమంతట తామే లేచి నిలబడేవాళ్ళు (గౌరవం కొంత, బెంచీ కొంత). ఒక ఆదివారం చర్చి అయ్యాక ఎండగా ఉందని ఆవిడని బండి ఎక్కించుకున్నాం. రోజూ దగ్గి దగ్గి ఆగిపోయే మిట్ట మీద ఆ రోజు బండి ఆగకుండా, వేగం కూడా తగ్గకుండా ఎక్కేసింది. మావయ్య ఇంజను మెచ్చుకున్నాడు. నేను మాత్రం వెనక్కి తిరిగి చూశాను. పెద్దమ్మ కింద ట్యూబులు బాగా అణిగి ఉన్నాయి. పైన బరువు పడితే గ్యాసు ఇంజనులోకి గట్టిగా తోసుకొస్తుంది. మూడేళ్ళ చదువు ఒక్క క్షణంలో ఉపయోగపడింది. మావయ్య చెవిలో విషయం చెప్పాను. ఆయన అక్కని ఇంటి దగ్గర దింపేదాకా ఆగాడు.

“అయితే ఇంజను అది కాదన్నమాట, మా అక్కన్నమాట” అన్నాడు చివరికి. “ఈ సంగతి అక్కకి తెలిస్తే మనిద్దర్నీ ఆ పేడ గోతిలోనే పాతేస్తది.”

ఆ మర్నాటి నుంచి మావయ్యకి అక్క మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పొద్దున్నే వాళ్ళ గుమ్మం ముందు బండి ఆపి, నువ్వు నడవకూడదక్కా, నేనుండగా నడవడమేంటి అనేవాడు. స్కూలుకి దింపేవాడు. సెలవులిచ్చాక మార్కెట్టుకీ, స్త్రీల కూడికకీ, ఆవిడకి పని లేకపోతే పని కల్పించి మరీ నూజివీడుకీ తీసుకెళ్ళేవాడు. పక్కవీధి దాకా వస్తానంటే మిట్ట దాటించి గానీ దింపేవాడు కాదు. పెద్దమ్మ మొదట అనుమానంగా చూసింది, తర్వాత కరిగిపోయింది. ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో లేచి నిలబడింది. ఇన్నేళ్ళుగా తమ్ముడి మనసు మారాలని ప్రార్థన చేశాననీ, దేవుడు ఆలకించాడనీ, ఇప్పుడు వాడు తనని కాలు కింద పెట్టనివ్వడం లేదనీ చెప్పి కళ్ళు తుడుచుకుంది. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ మావయ్యా చాప అల్లికని పరీక్షగా చూస్తూ కూర్చున్నాం. నాకు ఆ రోజే చెప్పేయాలనిపించింది, ధైర్యం చాల్లేదు.

ఇంతలో మామిడి సీజను ముదిరింది. మార్కెట్ యార్డు బయట గ్రేడింగులో తీసి పారేసిన కాయలు గుట్టలుగా పడి ఉండేవి. వాటిని చూసి మావయ్యకి ఇంకో ఆలోచన వచ్చింది. గేదె గడ్డి తిని పేడ వేస్తే, ఆ పేడ గ్యాసవుతుంది. మధ్యలో గేదె ఎందుకు? “తోటకీ మార్కెట్టుకీ మధ్య దళారీ ఎలాగో, గడ్డికీ గ్యాసుకీ మధ్య ఈ గేదె అలాగే” అని, కుళ్ళిన మామిడికాయలు రోజుకి నాలుగు బస్తాలు తిన్నగా తొట్టిలో పోశాడు. నాలుగో రోజుకి తొట్టి పులిసిపోయింది. గ్యాసు పలచబడింది, మంట అంటుకుంటే అంటుకుంది, లేకపోతే లేదు. వాసన మాత్రం రెట్టింపయ్యింది. మావయ్య తొట్టి మీద చెవి ఆనించి విని, అజీర్తి చేసిందని తేల్చి, సున్నం కలిపిన నీళ్ళు పోశాడు. గేదె ఇదంతా గట్టు మీద నుంచి నెమరేస్తూ చూసింది.

సరిగ్గా ఆ వారంలోనే నాకు ఇంటర్వ్యూ వచ్చింది. నూజివీడులో ఒక కాలేజీ క్యాంపస్‌లో ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం. ఏడాదిగా పెట్టిన అప్లికేషన్లన్నిటికీ కలిపి వచ్చిన మొదటి పిలుపు అది. పది గంటలు దాటితే లోపలికి అనుమతించబడరని కాగితం మీదే ఉంది. అమ్మ ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టి మూడు రోజులు ప్రార్థన చేసింది. నేను బస్సులో వెళ్తానన్నాను. ల్యాబు ఉద్యోగానికి వెళ్ళేవాడు ప్రయోగం మీద ఎక్కి వెళ్ళాలి గానీ బస్సులో వెళ్తే ఏం పరువని మావయ్య పట్టుబట్టాడు. నా ఇంటర్వ్యూ కోసం ప్రార్థన చెయ్యడానికి పెద్దమ్మ కూడా వస్తానంది. మావయ్య మొహం వెలిగిపోయింది. దారిలో మామిడికాయలు కోసే ముఠాలో పనిచేసే ఒకావిడ బుట్టతో సహా ఎక్కింది.

నూజివీడు ఇంకా మూడు నాలుగు కిలోమీటర్లుందనగా ఆ దారి మొత్తానికీ పెద్ద మిట్ట వచ్చింది. గ్యాసు అసలే పలచన. అద్దంలో అప్పటికే పాపిటలు కనబడుతున్నాయి. సగం మిట్ట ఎక్కేసరికి బండి మూలగడం మొదలుపెట్టింది. అప్పుడు పెద్దమ్మ, మంచి మనిషి ఎవరైనా చేసే పనే చేసింది. బండికి బరువెందుకని, గొడుగు తీసుకుని, పాకుతున్న ఆటోలోంచి దిగిపోయింది. ఇంజను అక్కడికక్కడే చచ్చిపోయింది.

మావయ్య బండి మళ్ళీ స్టార్టు చేసి ఎక్కమన్నాడు. మీరు వెళ్ళండి, మిట్ట దాటాక ఎక్కుతానంది పెద్దమ్మ. మావయ్య బతిమాలాడు. “ఎక్కితే బండికి బరువు కదరా” అంది ఆవిడ. మావయ్య తుండుగుడ్డ తీసి హ్యాండిలు తుడవడం మొదలుపెట్టాడు. అది చూడలేక బుట్టావిడ నోరు విప్పింది.

“దిగమాకండి టీచరమ్మగారూ. మీరు దిగితే బండి కదలదంట. మీ బరువుకే గ్యాసొస్తదని మీ తమ్ముడే ఆటో స్టాండులో అందరికీ చెప్తన్నాడు.”

మామిడికాయల లారీ ఒకటి మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. పెద్దమ్మ గొడుగు విప్పి, చేతిసంచీ భుజానికి వేసుకుని, ఎండలో నూజివీడు వైపు నడవడం మొదలుపెట్టింది. నేను వెనకాల పరిగెత్తాను. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి.

“కనిపెట్టింది నేను పెద్దమ్మా, మావయ్య కాదు” అన్నాను.

ఆవిడ ఆగింది. నా వైపు తిరగలేదు. “సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పానురా. దేవుడికి థ్యాంక్స్ చెప్పాను. ఇప్పుడు ఆయనకేం చెప్పమంటావు?”

నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడే టైమెంతయిందని అడిగింది. తొమ్మిదీ ముప్పావు అని చెప్పాను. పెద్దమ్మ గొడుగు ముడిచింది. వెనక్కి నడిచి, తమ్ముడి ముందు ఒక్క క్షణం ఆగింది.

“నీ కోసం ఎక్కట్లేదు. వాడి ఉద్యోగం కోసం ఎక్కుతున్నా” అని పలక మధ్యలో కూర్చుంది. బుట్టావిడని పక్కన కూర్చోబెట్టుకుంది, బుట్ట ఒళ్ళో పెట్టుకుంది. రెండు చేతులతో రెండు పక్కల కమ్మీలు పట్టుకుని, స్కూల్లో హాజరు పిలిచే గొంతుతో అడిగింది. “సరిపోద్దా, ఇంకా కిందకి నొక్కాలా?”

“కొంచెం నొక్కక్కా” అన్నాడు మావయ్య, నేలలోకి కుంగిపోతూ. పెద్దమ్మ పళ్ళు బిగించి నొక్కింది. నా బరువు ఉన్నా లేనట్టే కాబట్టి నేను ఎక్కకుండా, ఇస్త్రీ చొక్కాతో వెనక నుంచి నెట్టాను. బండి ఒకసారి గట్టిగా తేన్చి, ఆ పులిసిన గాలంతా నా మొహం మీద వదిలి, మిట్ట ఎక్కేసింది.

క్యాంపస్ గేటు దగ్గర దిగేసరికి పదికి రెండు నిమిషాలుంది. ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు సార్లు కూర్చుని ఉన్నారు. నేను లోపలికి వెళ్ళగానే ఒకాయన లేచి కిటికీ తెరిచాడు. పెద్దాయన మాత్రం ఈ వాసన ఏంటని తిన్నగా అడిగాడు. ఇంకేం పోయేదుందని మొత్తం చెప్పేశాను, గేదె దళారీ దగ్గర నుంచి సున్నం నీళ్ళ దాకా. ఆయన శ్రద్ధగా విని, ట్యూబుల్లో పీడనం ఎంతుంటుందని అడిగాడు. నాకు అంకె తెలియదు. తెలిసింది చెప్పాను. “మా పెద్దమ్మంత ఉంటుందండి.” తెరిచిన కిటికీలోంచి ఆ నవ్వులు గేటు దాకా వినిపించాయని మావయ్య తర్వాత చెప్పాడు. ఉద్యోగం వచ్చింది.

ఆ వచ్చే ఆదివారం సాక్ష్యాల సమయంలో పెద్దమ్మ మళ్ళీ లేచింది. మావయ్య గుమ్మం వైపు చూసుకున్నాడు. పోయినసారి తను చెప్పిన సాక్ష్యంలో ఒక పొరపాటు ఉందనీ, తమ్ముడి మనసు ఇంకా మారలేదనీ, సంఘం ప్రార్థన కొనసాగించాలనీ చెప్పింది. తర్వాత కాస్త ఆగి, తనకిచ్చిన దేన్నీ దేవుడు వృథా పోనివ్వలేదనీ, అబ్బాయికి ఉద్యోగం వచ్చిందనీ అంది. సంఘం ఆమెన్ అనాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. ట్యూబులు పంక్చర్ షాపుకి తిరిగి వెళ్ళాయి, గ్యాసు అత్తయ్య పొయ్యికి తిరిగి వచ్చింది.

నేనింకా ఆ ల్యాబులోనే ఉన్నాను. పిల్లలకి పీడనం ప్రయోగం చూపించేటప్పుడు పెద్దమ్మ ప్రమాణం ఏ పుస్తకంలోనూ లేదని ఇప్పటికీ వెలితిగా ఉంటుంది. మొన్న ఆవిడని కళ్ళ డాక్టరుకి చూపించడానికి కరెంటు ఆటోలో తీసుకెళ్ళాను. షుగరు వచ్చాక ఆవిడ సగమైపోయింది. ఎక్కించడానికి చెయ్యి పట్టుకుంటే పిచ్చుకని పట్టుకున్నట్టుంది. ఆ మిట్ట దగ్గరికి వచ్చాం. ఆటో చప్పుడు లేకుండా, వాసన లేకుండా, ఎవరి సాయమూ అడక్కుండా ఎక్కుతోంది. పక్కకి చూస్తే పెద్దమ్మ రెండు చేతులతో రెండు పక్కల కమ్మీలు పట్టుకుని, పళ్ళు బిగించి, సీటుని కిందకి నొక్కుతోంది.

ఇది కరెంటు బండి, నొక్కక్కర్లేదు పెద్దమ్మా అని చెబుదామని నోరు తెరిచాను. చెప్పలేదు. నేనూ కమ్మీ పట్టుకుని, మిట్ట దాటేదాకా ఆవిడతో పాటు నొక్కుతూ కూర్చున్నాను.