ఆలుగడ్డ ముద్ర

ఇనప్పెట్టె అడుగున స్టాంపు ప్యాడు డబ్బా దొరికింది. ఇంకు ఎప్పుడో ఎండిపోయినా, మూత తీయగానే ఆ ఘాటు వాసనతోపాటు ఉప్పల్‌లో మా ఇంటి మెట్ల కింద గడిచిన నా మనవరాలు కావ్య బాల్యమంతా లేచి వచ్చింది. నా బాల్యం కంటే నాకు అదే బాగా గుర్తు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గెజిటెడ్ ప్రధానోపాధ్యాయినిని. ఆ రోజుల్లో సర్టిఫికెట్ జిరాక్సు మీద నాలాంటివాళ్ల ఆకుపచ్చ సంతకం, కింద ముద్ర ఉంటేనే దానికి విలువ. ఎండాకాలం ఆదివారాల్లో ఎనిమిదింటికల్లా, ఆవకాయకని ఆరబోసిన ఆవాలు తొక్కకుండా ఒదిగి, జనం వరండాలో వరుసగా కూర్చునేవారు. నాచారం వైపు నుంచి గాలి వీస్తే బిస్కెట్లు కాలుతున్న తియ్యటి వాసన వచ్చేది. ఒరిజినల్ చూడనిదే నేను కలం మూత తీసేదాన్ని కాదు. అంచు తెగిన జిరాక్సును వెనక్కి పంపేదాన్ని. అయినా కూరగాయల బండి దగ్గర నాకే ముందు దారి ఇచ్చేవారు.

మెట్ల కింద ఏడేళ్ల కావ్యది ఇంకో ఆఫీసు. సగానికి కోసిన ఆలుగడ్డ మీద పువ్వు చెక్కి, నా ప్యాడు మీద అద్ది, వీధి పిల్లల చేతుల మీద కొట్టేది. ఆ ముద్ర ఉన్నవాళ్లకే ఉయ్యాల. "ఒరిజినల్ ఏది?" అని అచ్చం నా గొంతుతో అడిగేది. వాళ్లు రెండో చెయ్యి చూపించేవారు.

రెండువేల ఏడు ఏప్రిల్ ఆఖరున రిటైరయ్యాను. ముద్రను బడిలో అప్పగించి రసీదు తీసుకున్నాను. అది జీవితాంతం నా దగ్గరే ఉంటుందని వీధి నమ్మింది, నేను కాదనలేదు. నాలుగు ఆదివారాలు ప్యాడు ఎండిందని చెప్పి అందరినీ పంపించేశాను.

ఐదో ఆదివారం, బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసే యాదమ్మ తన కూతురు స్వప్న పదో తరగతి మెమో, రెండు జిరాక్సులు పట్టుకొచ్చింది.

"ప్యాడు ఎండింది యాదమ్మా, వచ్చే వారం రా."

"రేపే ఆఖరు తారీఖు మేడం. పాలిటెక్నిక్ సీటు వోతది పిల్లకు."

మెట్ల కింద నుంచి కావ్య బయటికొచ్చింది. "ప్యాడు మంచిగనే ఉంది నానమ్మా. స్టాంపే లేదు. బడిల ఇచ్చేసినవు గద!" అంటూ యాదమ్మ చేతిలోని మెమో అందుకుని, దాంతో సరిచూసి, ఒక జిరాక్సు మీద ఆలుగడ్డను ఠక్కున కొట్టింది.

యాదమ్మ ఆ పువ్వును చూసింది, నన్ను చూసింది. "గీ ముచ్చట ముందుగాల చెప్తే అంబర్‌పేటల సంతకం వెట్టే సారు కాడికి వోతుంటి గద మేడం. మీ ఇజ్జత్ మేమేమన్న గుంజుకుంటమా?"

నేను చెప్పులేసుకుని, మిగిలిన జిరాక్సుతో, యాదమ్మనూ కావ్యనూ తీసుకుని నాచారం ఆటో ఎక్కాను. నా కుర్చీలోకి వచ్చిన మేడం ఉండేది అక్కడే; నా కింద పదకొండేళ్లు పనిచేసింది. మాకంటే ముందు తొమ్మిది మంది ఉన్నారు. మా వంతు రాగానే ఆవిడ తలెత్తకుండానే అడిగింది.

"ఒరిజినల్ తెచ్చారా?"

సంచి తడిమాను. లేదు. యాదమ్మ తన ఖాళీ చేతులు చూసుకుంది. నేను ఇన్నేళ్లూ వెనక్కి పంపినవాళ్లందరూ నా వెనక వరుసలో నిలబడి చూస్తున్నట్టనిపించింది.

కావ్య గౌను జేబులోంచి గొట్టంలా చుట్టిన మెమో తీసింది. "నా కాడుంది. ఒరిజినల్ లేకుంట నేను స్టాంపెయ్య."

మేడం తలెత్తి, నన్ను చూసి, గబుక్కున లేచింది.

"కూర్చోమ్మా," అన్నాను. "ముందు సరిచూడు."

స్వప్నకు సీటొచ్చింది. తెలంగాణ వచ్చాక కొన్నాళ్లకు ఎవరి జిరాక్సు మీద వాళ్లే సంతకం పెట్టుకోవడం మొదలైంది. ఆదివారం వరుసలు పోయాయి. మెట్ల కింద ఇప్పుడు స్కూటరు ఉంటుంది. ప్యాడు డబ్బా కింద ఆ పువ్వు జిరాక్సు అలాగే ఉంది. ఒరిజినల్‌తో సరిచూసి వేసిన ముద్ర, వంక పెట్టడానికి లేదు. ఒక్క తేదీ వేయడం మరిచింది పిల్ల. ఇందాకే ఆకుపచ్చ సిరాతో నేను వేశాను.