వాపస్ వచ్చిన బీడీలు

పెద్దపల్లి స్టేషన్‌లో బండి కోసం కూర్చుని, డిగ్రీ పిల్లల ఎకనామిక్స్ పేపర్లు దిద్దుతున్నాను. పక్క బెంచీ మీద ఒకావిడ దగ్గుతో వంగిపోయిన భర్త వీపు నిమురుతోంది.

"గవేం కాయితాలు సారూ?" అని అడిగింది.

"జీడీపీ అని ఒక పాఠం. ఏడాదిలో దేశం మొత్తం ఎంత తయారుచేసిందో, ఎంత పని చేసిందో లెక్కగడతారమ్మా."

"నేను ముప్పై ఏండ్లు బీడీలు చేసిన. గవి అండ్ల ఉన్నయా?"

"ఉన్నాయి."

"గీయన దవాఖాన కర్సు?"

"అదీ ఉంటుంది."

"ఇప్పుడు బీడీలు బందువెట్టి, గీయనకు తినిపిచ్చుడు, కడుగుడు, లేపి కూసోవెట్టుడు నేనే చేస్తున్న. గది?"

"అది ఉండదు. ఇంట్లోవాళ్లు జీతం లేకుండా చేసే పని కలపరు" అన్నాను, తరగతిలో చెప్పే గొంతుతోనే.

ఆమె కొంగుతో భర్త మూతి తుడిచింది.

"వంకరున్నయని ఏజెంటు కొన్ని బీడీలు వాపస్ ఇస్తుండె సారూ. వాటికి పైసలియ్యకపోతుండె. పారెయ్య పానమొప్పక ఇంటికి తెస్తుంటి. గీయన దినాం గవే తాగిండు. గవి గూడ మీ లెక్కల రానట్టే గద?"

అంతలో వాళ్ల బండి వచ్చింది. ఆయన్ని దాదాపు ఎత్తుకునే పెట్టెలోకి ఎక్కించింది.

ఏటా ఆ పాఠం వస్తుంది. లెక్కలోకి రానివేమిటో చెప్పాల్సిన చోట, ఆ రోజు నుంచీ పుస్తకంలో ఉన్న ఉదాహరణలు గబగబా చదివేసి పేజీ తిప్పేస్తాను.