తువ్వాలు వేసిన కుర్చీ

కోవిడ్ ఆంక్షలు సడలిన మరుసటి ఏడు నన్ను విశాఖపట్నం ప్రాంతీయ వాణిజ్య కార్యాలయానికి సంప్రదింపుల అధికారిగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. పుట్టి పెరిగింది కంచరపాలెంలో కనుక, ఈ ఊళ్ళో నాకు తెలియనిది ఏముంటుందిలే అన్న ధీమా కొంచెం ఎక్కువగానే ఉండేది.

దేశాల మధ్య వాణిజ్య చర్చలకు మన ప్రతినిధి బృందం బయలుదేరే ముందు, ఆ ఒప్పందం ఎవరి బతుకుల మీద పడుతుందో వాళ్ళ సంఘాలను పిలిచి అభిప్రాయం తీసుకోవాలి. ముసాయిదాను తెలుగులో వినిపించడం, వాళ్ళ మాటను మినిట్స్‌లోకి ఎక్కించి ఢిల్లీకి పంపడం నా పని. అప్పటి చర్చ చేపల వేటకు ప్రభుత్వాలిచ్చే రాయితీల మీద. చిన్న పడవలకు డీజిల్ రాయితీ ఉంచవచ్చు గానీ, తీరం నుంచి పన్నెండు మైళ్ళ లోపల వేటాడేవాళ్ళకే అని అందులో ఒక షరతు ఉంది. ఆ గీత దాటిన పడవకు రాయితీ పోతుంది. రాయితీ పోతే చిన్న పడవ ఒడ్డు విడిచి కదలలేదు.

సమావేశం ఫిషింగ్ హార్బరు పక్కన, మత్స్యకారుల సంఘం మేడ మీద గదిలో పెట్టాం. అధ్యక్షత వహించడానికి ఢిల్లీ నుంచి డైరెక్టరు హోదా గల అధికారి వచ్చారు. ముసాయిదాను ముందే చదివి సంఘంవాళ్ళకు విడమరిచి చెప్పిన మనిషి సలీం. ఊళ్ళోని పాత నగరంలో వలలూ తాళ్ళూ అమ్మే కుటుంబం వాళ్ళది, తను ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతాడు. గది కిక్కిరిసింది. ముందు వరసలో ఒక్క కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది, దాని మీద గళ్ళ తువ్వాలు వేసి ఉంది. ఎవరో టీ తాగడానికి కిందికి దిగారనుకున్నాను. చోటు లేనివాళ్ళు గోడకు ఆనుకుని నిలబడ్డారే గానీ, అందులో ఎవరూ కూర్చోలేదు.

నేను షరతు చదివాను. అభ్యంతరాలున్నాయా అని అధ్యక్షుడు అడిగారు, అది నేను తెలుగులో చెప్పాను. అప్పటిదాకా సంతలా గోల చేసినవాళ్ళు చప్పున ఊరుకున్నారు. కింద చేపల వేలం అరుపులు వినబడుతూనే ఉన్నాయి. గదిలో మాత్రం ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. చర్చల్లో ఒక పద్ధతి ఉంది. అడిగినప్పుడు ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అధ్యక్షుడు మళ్ళీ అడిగారు, మరోసారి అడిగారు, ఆ తర్వాత 'అభ్యంతరం లేదు' అని రాసుకోమని నాకు సైగ చేశారు.

రాయబోతూ తలెత్తాను. ఒక్కరూ మా బల్లవైపు చూడటం లేదు. అందరి కళ్ళూ ఆ కుర్చీ మీదే, కూర్చున్న మనిషి ముఖం ఉండే ఎత్తులో నిలిచి ఉన్నాయి. కొందరు మెల్లగా తల ఊపుతున్నారు. వెనక ఒక ముసలాయన, సరిగ్గా వినబడటం లేదన్నట్టు, చెవికి చెయ్యి ఆనించుకున్నాడు. పట్టపగలు, అంతమంది మధ్య కూర్చుని ఉండి కూడా నాకు భయం వేసింది.

కుర్చీ పక్కన కూర్చున్న పోలమ్మ అనే ఆవిడ ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది.

"ఆయన సెప్పడం అవనేదు బాబూ. అయినాక రాసుకుందురు గాని."

నా పక్కన కూర్చున్న సలీం వంగి నా చెవిలో సంగతి చెప్పాడు. ఆ కుర్చీ పోలమ్మ భర్త నూకరాజుది. సంఘం తరఫున మాట్లాడే మనిషి అతనే. వేటకు వెళ్ళిన అతని పడవ తిరిగి రాలేదు. ఏ ఆనవాలూ దొరకని మనిషిని ఈ సంఘంలో పోయాడని అనరు, అతని వంతు తీసెయ్యరు. ముందు అతన్ని మాట్లాడనిస్తారు, ఆ తర్వాతే మిగతావాళ్ళు నోరు విప్పుతారు.

ఇదంతా అధ్యక్షుడికి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తోచలేదు. ఒక సభ్యుడు ఇంకా మాట్లాడుతున్నారని మాత్రం అన్నాను. ఆయన కుర్చీవైపు చూశారు. ముసాయిదా మూసి పక్కన పెట్టారు.

అలా ఎంతసేపు కూర్చున్నామో చెప్పలేను. ఉన్నట్టుండి గదిలో అందరూ ఒక్కసారే చూపు మరల్చుకుని సర్దుకు కూర్చున్నారు. ఎవరూ ఏ సైగా చెయ్యలేదు. సరిగ్గా ఆ క్షణానే నేనూ చూపు మరల్చుకున్నాను. తెలుగు ఒక్క ముక్క రాని మా అధ్యక్షుడూ మరల్చుకున్నారు.

అప్పుడు పోలమ్మ లేచి నిలబడింది.

"సేపలు ఆ గీతకి ఇవతలే ఉంటే మా ఆయన అవతలకి ఎందుకెల్నాడు బాబూ? ఏటి, సరదాకెల్నాడా? గీత దాటినోడు సిన్నోడు కాడని రాసినారంట. మరైతే మా ఆయన ఎవులు?"

నేను తర్జుమా చేశాను. అధ్యక్షుడు అభ్యంతరం నమోదు చేయమన్నారు. ఎవరి పేరున రాయాలని నేను అడిగితే, నూకరాజు పేరున రాయమన్నారు, వినిపించినది పోలమ్మ అని కింద చేర్చమన్నారు. వెళ్ళేటప్పుడు ఆయన ఆ కుర్చీకి తగలకుండా ఒంటిని పక్కకు తిప్పుకుని నడవడం చూశాను.

నేను రిటైరయ్యే నాటికి ఆ షరతు మీద చర్చలు సాగుతూనే ఉన్నాయి. పడవ జాడ కూడా తెలియలేదు.

ఎదుటివాళ్ళు మాట్లాడలేదని రాసుకునే ముందు, అది ఎవరి వంతో తెలుసుకోవాలని అక్కడ నేర్చుకున్నాను. తర్వాత ఏ సంప్రదింపుకు వెళ్ళినా, రాలేనివాళ్ళెవరికైనా వంతు ఉంచాలా అని మొదటే అడిగేవాణ్ణి. చాలాచోట్ల అక్కర్లేదన్నారు. భీమిలి దగ్గర ఒకచోట ఉంచాలన్నారు. కుర్చీ వేయించి, కలం కింద పెట్టి కూర్చున్నాను.