అమ్మ కోసం వచ్చిన నల్ల పట్టు

యుద్ధం అయిపోయాక మిలట్రీ వాళ్ళు మా అన్నను జపాను పంపారు. ఏడాది తర్వాత మా ఊరు నకరికల్లు తిరిగొచ్చి, ట్రంకుపెట్టెలోంచి పాత నల్ల పట్టు అంగీ ఒకటి తీశాడు. పాదాల దాకా ఉంది. కిమోనో అంటారట. కింద అంచు చుట్టూ తెల్ల కొంగలు, దేవదారు కొమ్మలు, అక్కడక్కడా బంగారు దారం. పైనంతా ఉత్త నలుపు. వీపున, చేతుల మీద, రొమ్మున మాత్రం ఐదు చిన్న తెల్ల గుర్తులు.

"బియ్యమిచ్చి ఓ ముసలమ్మ దగ్గర తీసుకున్నా. ఆ గుర్తులు వాళ్ళింటియ్యంట. బిడ్డ పెళ్ళినాడు తల్లి ఏసుకునేదంట ఇది. చెల్లి పెళ్ళికి నువ్వేసుకోవాలమ్మా," అన్నాడు నన్ను చూపిస్తూ.

"నల్లగుడ్డతో పెళ్ళికొస్తే ఊరు నవ్విద్దిరా," అంది అమ్మ. కానీ ఎవరూ లేనప్పుడు దాన్ని ఒళ్ళో వేసుకుని కొంగల్ని తడుముతుండేది. నేను చూశాను. చూసి కూడా ఆ పని చేశాను.

మా చర్చి అయ్యగారి నల్ల గౌను చిరిగిపోయింది. అన్న పనికి మాచర్ల వెళ్ళిన వారం సంఘపెద్దలు మా ఇంటికొచ్చారు. "అయ్యగారి గౌనుకి ఆ నల్ల పట్టు ఇయ్యి, దేవుడి పనికి అడుగుతున్నామమ్మా. బొమ్మలు మాత్రం ఉండగూడదు," అన్నారు. అమ్మ తల వంచుకుంది. మిషను బడిలో కుట్టుపని నేర్చానన్న గొప్ప నాది. "నేను కుట్టిపెడతా," అని ముందుకు దూకాను. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు! కొంగల అంచంతా కత్తిరించేశాను. ఐదు గుర్తుల మీదా సిరా పూశాను. అయ్యగారు పొట్టి మనిషి, సరిగ్గా సరిపోయింది. పెద్దలు మెచ్చుకుంటే పొంగిపోయాను, సిగ్గులేనిదాన్ని.

అన్న తిరిగొచ్చి ఆ కోసిన అంచు చూశాడు.

"ఎవరే కోసింది?"

"నేనే."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఆ ముసలమ్మ ఆకలికి ఇచ్చింది. మనకేం ఆకలేసిందే?" అన్నాడు.

ఆ వేసవిలోనే నా పెళ్ళి. అయ్యగారు ఆ పట్టు వేసుకునే ప్రార్థన చేశారు. సిరా వెలిసి, ఆయన రొమ్మున ఆ ముసలమ్మ ఇంటి గుర్తులు మళ్ళీ తెల్లగా తేలుతున్నాయి. అమ్మ పాత నేతచీరెలో వెనక వరసలో కూర్చుంది. అన్న లోపలికే రాలేదు.

నాకు ఏడుపు ఆగలేదు. పుట్టిల్లు వదిలిపోతున్నందుకు ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. అమ్మే వచ్చి, తన చీరె చెంగుతో నా కళ్ళు తుడిచింది.