అడుగు మూసిన ఉంగరం

ప్రధానం నాడు నా వేలికి తొడిగిన ఉంగరం మొదటి చూపులో నాకు నచ్చలేదు. ఈ మాట ఇప్పుడు ధైర్యంగా అనగలను. అప్పుడు అనే వీలెక్కడిది? పెళ్ళికూతురు తల వంచుకుని కూర్చోవాలి, ఏది పెడితే అది పెట్టించుకోవాలి. నేను తల వంచుకునే కూర్చున్నాను గానీ, వంచిన తలతోనే ఆ ఉంగరాన్ని అన్ని వైపుల నుంచీ పరీక్షించాను.

యుద్ధం నడుస్తున్న రోజులవి. చిత్తూరులో కిరసనాయిలు కోసం బారులు తీరి నిలబడేవాళ్ళం. అయినా ఆడవాళ్ళ మధ్య నగల ముచ్చట్లకు మాత్రం కరువు రాలేదు. మా వీధి చివర ఒక ప్లీడరుగారి కోడలు మద్రాసులో కొత్త రకం ఉంగరం చేయించుకుని వచ్చింది. తెల్లబంగారంతో చదరంగా, మెట్లు మెట్లుగా కట్టిన ముఖం. నడుమ ఒకే ఒక్క రవ్వ. సన్నటి కొక్కేలు దాన్ని పైకెత్తి పట్టుకుని ఉండేవి. అడుగు మూయరు కాబట్టి వెలుతురు వెనక నుంచి కూడా దూరుతుంది. ఆమె చెయ్యి కదిపినప్పుడల్లా గోడ మీద చుక్కలు పరిగెత్తేవి. ఆమె చెయ్యి కదపకుండా ఉన్నది నేనెప్పుడూ చూడలేదనుకోండి. నాకూ అలాంటిదే కావాలని ఉండేది.

నాకు వచ్చింది, తిరుపతిలో పెళ్ళికొడుకు వాళ్ళ అవ్వ తన వేలి నుంచి తీసి ఇచ్చిన పాత ఉంగరం. నడుమ ఒక రవ్వ, చుట్టూ చిన్న రవ్వలు, అంతా కలిపి ఒక పువ్వు. ఆ కాలపు రవ్వలకు పైన మాత్రమే పలకలు తీసి అడుగు చదునుగా వదిలేసేవాళ్ళు. ఒక్కో రాయినీ చిన్న బంగారు గిన్నెలాంటి దానిలో కూర్చి చుట్టూ అంచు నొక్కేసేవాళ్ళు. వెనక్కి తిప్పి చూస్తే ఉత్త బంగారమే తప్ప ఎక్కడా సందు కనపడదు. అది గోడల మీద చుక్కలు చిమ్మే రకం కాదు. దీపం దగ్గర పెడితే లోపలెక్కడో నిదానంగా వెలుగుతుంది. ముసలివాళ్ళ ఉంగరం అని మనసులోనే మూతి తిప్పుకున్నాను.

ఉంగరం నచ్చకపోయినా అబ్బాయి నచ్చాడు. దాచడమెందుకు? పెళ్ళిచూపుల్లో వాళ్ళ తరఫు పెద్దాయన ఒకరు "పాప పాడతాదా?" అని అడిగితే, "పాడను. సదవమంటే సదువుతా" అన్నాను. పక్కనే కూర్చున్న అమ్మ నా తొడ మీద గిల్లింది. అబ్బాయి నవ్వి, "మంచిదే లెండి. మా ఇంట్లో పాడేవాళ్ళు శానామంది ఉండారు, వినేవాళ్ళే లేరు" అన్నాడు. ఆ మాటకు తలెత్తి చూశాను. అంతే, ఇక వేరే ఎవరినీ చూడాలని అనిపించలేదు.

మా అత్త సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు సాగదు. అత్త అంటే మా నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నాయన బెల్లం మండీలో ఎంత గొంతు చించుకున్నా ఇంట్లో మాత్రం ఆమె మాటే మాట. అమ్మ నన్ను కన్నదే గానీ, జడ వేసిందీ, తిట్టిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ అత్తే. అలాంటి మనిషి ప్రధానం నాడు వంటింటి గడప దాటలేదు. తాంబూలం పళ్ళెం సర్దమంటే చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ రోజుల్లో భర్త పోయినవాళ్ళు శుభకార్యాలకు దూరంగానే ఉండేవాళ్ళు కాబట్టి మేమెవరమూ దాన్ని పట్టించుకోలేదు.

వచ్చినవాళ్ళు బండెక్కగానే అత్త నా దగ్గరికి వచ్చింది.

"మెడలో తాళి పడేదాకా ఆ ఉంగరం తీయొద్దు. పండుకునేటప్పుడు గూడా తీయొద్దు. ప్రధానపు ఉంగరం తీస్తే సంబంధం తీసినట్టే" అంది.

తీయలేదు. ముహూర్తం వేసవిలో కుదిరింది. చలికాలమంతా ఆ ఉంగరంతోనే స్నానం చేశాను, పిండి రుబ్బాను, కుంకుడుకాయ పులుసుతో తల రుద్దుకున్నాను, బావి దగ్గర బట్టలు ఉతికాను. రోజూ కళ్ళ ముందు ఉండేసరికి ఆ ముసలి ఉంగరం మీద ఇష్టం పుట్టుకొచ్చింది. పనిలో ఉండగా ఊరికే దాన్ని బొటనవేలితో తిప్పుకునేదాన్ని. తిప్పినప్పుడల్లా "వినేవాళ్ళే లేరు" అన్న మాట గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకునేదాన్ని.

ఒక పొద్దున వాకిట్లో ముగ్గు పెడుతూ చూస్తే నడిమి రవ్వ నల్లగా ఉంది. మసి అంటుకుందేమోనని కొంగుతో తుడిచాను. పోలేదు. ఊది తుడిచాను, అయినా పోలేదు. ఆ వారం తిరిగేలోపే చుట్టూ ఉన్న చిన్న రవ్వలు కూడా ఒక్కొక్కటే మసకబారాయి. చెయ్యి కొంగులో దాచుకుని తిరిగాను గానీ, అత్త కళ్ళు కప్పడం నా వల్ల అవుతుందా? అన్నం దగ్గర పట్టుకుంది. నా వేలు చూసిన ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అది చూసి నాకు భయం పుట్టింది.

నాయన మండీ నుంచి రాగానే, "ఈ సంబంధం మనకొద్దు. వాళ్ళ ఉంగరం వాళ్ళకిచ్చేస్తామని చెప్పిరా" అంది.

"ఏందక్కా ఇది? రాయి మసకబడితే సంబంధం వదులుకుంటారా? కంసాలి ఆచారికి సూపిద్దాం" అన్నాడు నాయన.

"ఆచారికి సూపిస్తే ఊరంతటికీ సూపించినట్టే."

మా ఇంట్లో అంతకు ముందు రవ్వ అన్నదే లేదు. దాని మంచిచెడ్డలు అమ్మకూ తెలియవు, నాయనకూ తెలియవు. అత్త చెప్పిందే వినాలి. అప్పుడు ఆమె, అన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి, గోడ వైపు చూస్తూ చెప్పింది.

"నా ప్రధానపు ఉంగరం గూడా ఇట్లే నల్లబడింది. పెండ్లయిన ఏడాదికే ఆయన పోయినాడు. మా అత్తగారోళ్ళు అందరూ నా చెయ్యే సెడ్డదన్నారు. రవ్వనే నల్లగా జేసిన చెయ్యి మొగుణ్ణి మిగలనిస్తాదా అన్నారు. ఆ చేత్తోనే ఈ పిల్లను పెంచినా. నా చెయ్యే తగిలింది దీనికి. ఆ పిల్లోడన్నా బతకనీ తమ్ముడూ."

నాకు దుఃఖం ఆగలేదు. ఆమె మీద జాలితో ఏడ్చానో, నా గతి తలుచుకుని ఏడ్చానో చెప్పలేను. రెండూ ఉన్నాయి. ఏడుస్తూనే, "నాకు ఆయనే కావల్ల" అనేశాను. ఆ కాలంలో ఆడపిల్ల తండ్రి ముందు అనే మాట కాదది. అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. నాయన నా వైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూసి కండువా భుజాన వేసుకున్నాడు.

మర్నాడు సిపాయిలతో కిక్కిరిసిన రైల్లో నిలబడి నాయన తిరుపతి వెళ్ళాడు. మా నాయన ఎంత మెత్తటి మనిషో అప్పుడే తెలిసింది. సంబంధం వద్దని చెప్పడానికి వెళ్ళిన మనిషి సాయంత్రానికి ఆ అవ్వనే వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెను చూడగానే నోరు రాలేదట, ఉంగరం నల్లబడిందని మాత్రం గొణిగాడట. ఆమె అప్పటికప్పుడే చీర మార్చుకుని బయల్దేరిందట.

అవ్వ జట్కా దిగి, చెంబెడు నీళ్ళు తాగి, వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"యాడుండాది నా ఉంగరం? ఇట్ల రా పాపా."

వెళ్ళి ముందు కూర్చున్నాను. నా వేలు పట్టుకుని కంటి దగ్గరికి లాక్కుని చూసింది. ఆమె ఒక్కసారిగా ఒళ్ళంతా కదిలేట్టు నవ్వింది.

"దీన్ని పెట్టుకునే నీళ్ళు పోసుకున్నావా?"

"ఊఁ. తీయొద్దన్నారు."

"అయ్యో నా తల్లీ! తీయకుంటే ఎట్ల? పాత రవ్వ గదా, అడుగు సదునుగా ఉంటాది, తనంతట తాను వెలగలేదు. అందుకని కింద పల్చటి వెండి రేకు ఏస్తారు. ఆ రేకుకు నీళ్ళు తగిలితే నల్లబడతాది. రాయికేం రోగం? నాకు మొదటితూరి ఇట్లయినప్పుడు నేనూ ఏడ్చినా. మా అత్త ఒకటే తిట్టు, నీళ్ళల్లో ఏమిటికి పెట్టినావే అని. అప్పటి నుంచీ నీళ్ళకు పోతే మీ తాత చేతిలో పెట్టే పోతా. ఒకతూరి ఆయన సిటికెన వేలికి పెట్టుకుని మర్సిపోయి అట్లే చెరువు పనికి పోయినాడు. ఊరంతా నవ్వింది."

ఇక దాచాల్సింది ఏముంది? నాయన వెళ్ళి ఆచారిని పిలుచుకొచ్చాడు. ఆయన సాయంత్రపు ఎండ తగిలే చోట పీట వేసుకుని, నడిమి రాయి చుట్టూ ఉన్న బంగారపు అంచును కొద్దికొద్దిగా విప్పి రాయిని పైకి లేపాడు. కింద రేకు మాడిన అప్పడంలా ఉంది. రాయిని గుడ్డతో తుడిచి అవ్వ అరచేతిలో పెట్టాడు. మచ్చ లేదు, మసక లేదు. నీళ్ళ చుక్కలా ఉంది.

ఆయన కొత్త రేకులు కత్తిరిస్తుంటే అవ్వ నాతో, "ఇప్పటివాళ్ళు అడుగు మూయకుండానే కడతారంట గదా. దానికి రేకూ అక్కరలేదు, నీళ్ళ భయమూ లేదు. కావల్లంటే అట్ల మార్పించుకో పాపా, నేనేమీ అనుకోను" అంది.

"ఆలోచించి చెప్తా అవ్వా" అన్నాను.

ఆమెకు మళ్ళీ నవ్వొచ్చింది. "మావోడికి తగినదే దొరికింది" అని నాయన వైపు చూసింది. ప్రాణం లేచి వచ్చినట్టు నాయన కూడా నవ్వాడు. నా పెళ్ళి నిలబడిందని ఆ నవ్వుతో నాకు నమ్మకం కలిగింది. పరిగెత్తుకుని పోయి అత్తకు చెబుదామని లేచాను. చెప్పే పని లేకపోయింది. ఆమె వంటింటి గడప దగ్గర నిలబడి అంతా వింటూనే ఉంది.

"ఉత్త నీళ్ళేనా?" అని అడిగింది అవ్వను.

"నీళ్ళే అమ్మణ్ణీ."

"నన్నూ తీయొద్దన్నారు. ఉంగరంతోనే బావిలో నీళ్ళు తోడినా, పేడ నీళ్ళు కలిపినా, అంట్లు తోమినా." ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పింది. "అయితే అది నా చెయ్యి కాదా?"

అవ్వకు మా అత్త కథ తెలియదు. మా మొహాలు చూసి ఎంత గ్రహించిందో ఏమో, కారణం అడగలేదు. ఆచారి రేకులు వేసి అంచులు నొక్కేశాక ఉంగరం అందుకుని, పైటతో తుడిచి అత్త వైపు చాపింది.

"నా కండ్లకు సరిగ్గా ఆనడం లేదు. ఈ పిల్లకు నువ్వే తొడుగమ్మా."

"నేనా? నేను తాకగూడదు."

"తాకు" అంది అవ్వ.

అత్త గడప దాటి వచ్చింది. ఉంగరం అందుకుని నా ముందు కూర్చుంది. నా చెయ్యి ఆమె పట్టుకోవడం కొత్త కాదు, చిన్నప్పటి నుంచీ పట్టుకున్నదే. కానీ ఆ రోజు వేళ్ళ కొసలతో, కాలుతుందేమో అన్నట్టు పట్టుకుంది. మెల్లగా తొడిగింది. రవ్వలు ప్రధానం నాటిలాగే నిదానంగా వెలిగాయి. అత్త వాటిని చూడలేదు. తన కుడిచెయ్యిని ఒళ్ళో పెట్టుకుని వెనక్కీ ముందుకూ తిప్పి చూసుకుంది.

"నా చెయ్యి కాదంట తమ్ముడూ" అంది.

"కాదక్కా" అన్నాడు నాయన. కండువాలో మొహం దాచుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.