ముడి విప్పని కట్టలు

కరీంనగర్ బస్టాండు పక్కన నా దుకాణంలో పోటీ పరీక్షల గైడ్లదే రాజ్యం. వెనక గోడకు మాత్రం ఒక అర నిండా సైన్స్ ఫిక్షన్ ఉండేది. అంగారకుడి మీద వ్యవసాయం, అలిగే యంత్రాలు, నిన్నటికి తీసుకుపోయే బండ్లు. నాకు వాటి పిచ్చి. కొనేవాళ్ళకు లేకపోతే నేనేం చేయను! "గివెవలు చదువుతరన్నా? గ్రూప్ టూ గైడుంటే ఇయ్యి" అని నవ్విపోయేవాళ్ళు.

చివరికి ఒక్కరే మిగిలారు. ఉట్నూరులో ఉండే రిటైరైన సైన్స్ సారు. నెలకోసారి వచ్చి, కొడుకును బయటే నిలబెట్టి, గోడ పట్టుకుని లోపలికొచ్చేవారు. వయసు కదా అనుకునేవాణ్ణి. పుస్తకం అట్ట తడిమి, "కథేంది, జర చెప్పు" అనేవారు. చివరిదాకా చెప్పించుకుంటే గానీ వదిలేవారు కాదు.

"అంత నేనే చెప్తే ఇగ మీరు చదివేదేముంటది సార్?" అని విసుక్కునేవాడిని. నవ్వి కొనుక్కునేవారు. పాత పేపర్లో చుట్టి, మా బాపు నేర్పిన అడ్డముడి వేసి ఇచ్చేవాడిని. ఆయనొక్కరి కోసమే ఆ అర ఉంచాను.

ఈ ఏడు దుకాణం ఎత్తేశాను. అక్కడిప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. కొన్ని నెలలుగా సారు కూడా రావడం లేదు. మిగిలిన పుస్తకాలన్నీ ఆయనకే ఇచ్చేద్దామని సంచిలో వేసుకుని ఉట్నూరు పోయాను.

సారు కోడలు నన్ను ఆయన గదిలోకి తీసుకుపోయింది. గోడవారగా నా కట్టలే. అన్నిటికీ నా ముళ్ళే. ఒక్కటీ విప్పలేదు.

"మామకు కండ్లు కనవడక రెండేండ్లాయె అన్నా" అంది ఆమె మెల్లగా. "కరీంనగర్ల కంటి దవాఖానకు వస్తుండె. ఇగ లాభం లేదన్నరు."

చదవడానికి కాదన్నమాట. నా నోట వినడానికి వచ్చేవారు. తెలిస్తే ఎంత ఓపిగ్గా చెప్పేవాణ్ణి! ఏం బతుకు నాది, ఛీ!

"నమస్తే సార్" అన్నాను. మంచం మీది సారు నా గొంతు గుర్తుపట్టారు. "వచ్చినవా! మన అర మంచిగున్నదా? ఎవలన్న కొంటుండ్రా?"

సంచి నా కాళ్ళ దగ్గరే ఉంది. ఆయనకు కనబడదు.

"ఉన్నది సార్. పోరగాండ్లు ఎగవడి కొంటుండ్రు."

"గట్లనా! ఇగ నాకేం ఫికర్ లేదు" అన్నారు. ఎంత సంతోషమో ఆ మొహంలో.

ఇక ఆ సంచి అక్కడ వదలడానికి నాకు చేతులు రాలేదు. మళ్ళీ భుజాన వేసుకుని బస్సెక్కాను. కరీంనగర్‌లో దిగాక, దాన్ని ఎక్కడ దించాలో తెలియక బస్టాండులోనే కూర్చున్నాను.