చేపకు తడి తరుగు

సముద్రాన్ని సగం ఖాళీ చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? వల లేదు, పడవ లేదు, ఈత అసలే రాదు. ఒక్క తూకం మిషనుతో పని కానిచ్చేశాడు. ఆ మహానుభావుణ్ణి నేనే.

మాది కోవిల్‌పట్టి. మా ఊళ్ళో నీళ్ళంటే కుళాయి ముందు బిందెల వరసే. చదువు నన్ను వదిలించుకున్నాక, విరుదునగర్‌లో గురుసామి మామ మిరపకాయల మండిలో తూకాలు నేర్చుకున్నాను. మామ ఒక ఎండుమిరపకాయను చెవి దగ్గర పెట్టి ఆడించేవాడు. గింజలు గలగలమంటే ఎండిన సరుకు. మూగగా ఉంటే తడి సరుకు. అప్పుడు బస్తా బరువులో తడి కింద కొంత తరుగు తీసేయాలి.

"నీళ్ళు బాయిలో ఊరికే ఉండాయి గదరా అల్లుడా. మనమేల కొనాల?" అనేవాడు మామ.

ఈ ఉపదేశం నా నెత్తురులో ఇంకిపోయింది. చూశారుగా, ప్రమాదం అక్కడే మొదలైంది.

తర్వాత విళాత్తికుళం అవతల, సముద్రపు ఒడ్డున ఒక చేపల సర్వేలో పని దొరికింది. పడవలు తెచ్చిన గంపలు తూచి, బరువు ఫోనులో ఎక్కించాలి, అంతే.

"ఎంత పట్టారో సరిగ్గా తెలిస్తేనే, సముద్రంలో ఎంత వదలాలో తెలుస్తుంది. జాగ్రత్త," అంది సర్వే ఆఫీసరమ్మ.

"మీరు నిశ్చింతగా ఉండండి మేడమ్. మాది తూకాల వంశం," అన్నాను.

మొదటి గంప నీళ్ళు కారుతూ దిగింది. జానెడు చేపను తోక పట్టుకుని చెవి దగ్గర ఆడించాను. గలగల లేదు. ఇంకోటి ఆడించాను. అదీ మూగదే.

పడవ యజమానురాలు అంతోనియమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. ఆమెది తమిళమే, మీ కోసం తెలుగులో చెబుతున్నాను.

"ఏం తంబీ, ఏమంటోంది చేప?"

"టెస్టు అక్కా."

"ఓహో, సర్కారు టెస్టా? వలలో పడ్డప్పుడు నన్నేమైనా తిట్టిందేమో అడుగు."

నేను నవ్వలేదు. పండితుడు నవ్వకూడదు. మూగ సరుకు కనక సగం తరుగు తీసి ఎక్కించాను. ఆ రోజనే కాదు, రోజూ అంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. నేను తూచిన చేపకు సగమే ఒళ్ళు.

సీజను ముగిసేవేళ ఆఫీసరమ్మ జీపు దిగింది. ముఖం అడుగంటిన పాయసంలా ఉంది. అందర్నీ ఒడ్డున పోగుచేసింది.

"ఈ తీరంలో చేప సగానికి పడిపోయింది. ఇట్లాగే పడితే మీ పిల్లలకు ఉప్పునీళ్ళే మిగుల్తాయి. కొన్ని నెలలు పడవలు ఆపక తప్పదు."

ఒడ్డంతా గొల్లుమంది. అంతోనియమ్మ ముందుకు తోసుకొచ్చింది. "బరువుకు వలలు చిరిగిపోతుంటే సగమా? పడవ కట్టేస్తే పొయ్యి మీద ఏం పెట్టాలమ్మా, ఇసకా?"

నాకూ జాలేసింది. పాపం, ఆ చేపలన్నీ ఎటు పోయాయో!

"ఏదీ, నా ఎదుట ఒక గంప తూచు," అంది ఆఫీసరమ్మ.

కొత్త పెళ్ళికొడుకులా చొక్కా సర్దుకుని గంప ఎక్కించాను. చేపను చెవి దగ్గర ఆడించాను. మండిలో పాడినట్టు గొంతెత్తి పాడాను: "ఇరవై కిలోలూ... తడి తరుగు పదీ... నికరం పది!"

ఆఫీసరమ్మ వంగి మిషనులో అంకె చూసింది.

"ఏం తరుగు?"

"తడి మేడమ్. నీళ్ళలోంచి వచ్చిన సరుకు కదా. ఒక్కటీ గలగలమనలేదు."

"చేప గలగలమనాలా?"

"బాగా ఎండితే అంటుంది మేడమ్."

"ఎండితే దాన్ని కరువాడంటారు తంబీ!" అంతోనియమ్మ ఇసకలో కూలబడి నవ్వింది. "సరే, రేపట్నించి సముద్రం లోపలే ఎండబెట్టుకుని తెస్తాం!"

లెక్క సరిచేశారు. పడవలు ఆగలేదు. నా పేరు మాత్రం ఆ తీరమంతా 'తరుగు తంబి' అయిపోయింది. దిగులుతో మామకు ఫోను చేస్తే, ఆయన అన్నాడు: "చేపకు తరుగు లేదా? అట్లయితే ఆ యాపారం మనకొద్దురా అల్లుడా, వచ్చెయ్!"

కనక పాఠకులారా, తూకం మిషను మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: సముద్రంలోంచి వచ్చిన దేన్నీ ఈ జన్మలో చెవి దగ్గర ఆడించను, తరుగు తీయను.

ఇదంతా రాసి మా ఆవిడ చేతికిచ్చాను. ఆమె చదివి, కాగితాలను చెవి దగ్గర పెట్టి ఆడించింది.

"గలగల లేదయ్యా. చదివేవాళ్ళను సగం తరుగు తీసి నమ్మమని చెప్పు."